తపసి బంక: గోదావరి అడవుల జిగురు వర్తకం

చెట్టు బెరడుకు గాయమైనప్పుడు స్రవించి గట్టిపడే పదార్థాలలో నీటిని పీల్చుకుని ఉబ్బేవి బంకలు కాగా, నీటికి లొంగక వేడికి కరిగి నూనెలో కలిసేవి గుగ్గిలాలు. సాల, జాలారి వంటి చెట్ల గుగ్గిలాన్ని నూనెతో కాచి, తెలుగు తీరంలోని కొయ్య పడవల పలకల సందులను పూడ్చడానికి వాడేవారు. నీటిని అడ్డుకోవలసిన చోట బంక నిలవదు, నీటిని పట్టి ఉంచవలసిన చోట గుగ్గిలం పనికిరాదు. ఖమ్మం, భద్రాచలం అడవులలో కోయలు, కొండరెడ్లు సేకరించిన తపసి బంక ఖండాంతర వర్తకానికి ఎక్కడానికి దానికున్న ఈ నీటిని పట్టే గుణమే కారణం.

తపసి చెట్టు రాతి గుట్టల మీద, ఇతర వృక్షాలు నిలదొక్కుకోలేని పలచని మట్టిలో పెరుగుతుంది. ఆకురాల్చిన కాలంలో కాగితపు పొరలుగా ఊడే దాని తెల్లని బెరడు దూరం నుంచే కనిపిస్తుంది. బెరడుకు గాటు పెడితే చిక్కని జిగురు కారి, కొన్ని దినాలకు గడ్డకడుతుంది; ఎండ ముదిరిన వేసవిలో స్రావం ఎక్కువగా ఉండడంతోపాటు బంక త్వరగా ఆరుతుంది. బెరడు ముక్కలను ఏరివేసి, ఆరబెట్టి, రంగును బట్టి వేరుచేసిన బంకలో లేతరంగు గడ్డలు మేలురకంగా చెల్లుతాయి, ముదురు రంగువి తక్కువ ధరకు పోతాయి. నీటిలో పూర్తిగా కరగకుండా అనేక రెట్లు ఉబ్బడం ఈ బంక ప్రత్యేకత. దాని అణువులలోని ఎసిటైల్ సమూహాల మూలంగా నిల్వ ఉన్నప్పుడు పుల్లని వాసన వస్తుంది.

పాశ్చాత్య విపణిలో ఈ బంక మొదట ఇరాన్ నుంచి వచ్చే ఖరీదైన ట్రాగకాంత్ జిగురుకు ప్రత్యామ్నాయంగా, కొన్నిచోట్ల దానిలో కలిపే కల్తీ సరుకుగా ప్రవేశించింది. ఇరవయ్యో శతాబ్దంలో ‘కరాయా’ అనే వ్యాపార నామంతో దానికి స్వతంత్ర స్థానం లభించి, విరేచనకారి మందులకు, కట్టుడు పళ్లను నిలిపే పొడులకు, వస్త్రాల అద్దకానికి, ఆహార పరిశ్రమకు అవసరమైన ముడిసరుకైంది. ఐరోపా ఆహార సంకలితాల జాబితాలో ఇ416 అనే సంఖ్య దీనిదే.

ఈ సరుకు పుట్టిన అడవి చాలాకాలం రెండు ప్రభుత్వాల సరిహద్దుగా ఉండేది. గోదావరి కుడివైపున పాల్వంచ ప్రాంతం నిజాం రాజ్యంలోనే ఉండగా, ఎడమ గట్టున ఉన్న భద్రాచలం ప్రాంతం 1860లో బ్రిటిష్ వారి వశమై, తొలుత మధ్య పరగణాలలో ఉండి, 1874లో మద్రాసు ప్రెసిడెన్సీలోని గోదావరి జిల్లాకు మారింది. 1959లో ఖమ్మం జిల్లాలో చేరింది. పాలన ఎవరిదైనా అడవి సరుకు దారి మాత్రం ఒక్కటే: గిరిజనుడు సంతకు తెచ్చినది మైదానపు వర్తకుని తూకంలోకి, అతని అప్పు ఖాతాలోకి చేరేది. వడ్డీని, భూముల బదిలీని అదుపు చేయడానికి మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీ ప్రాంతాలకు 1917లో ప్రత్యేక చట్టం చేయవలసి రావడమే ఆ అప్పుల తీవ్రతకు సాక్ష్యం. మానవ శాస్త్రవేత్త క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ కొండరెడ్ల గురించి 1945లో ప్రచురించిన గ్రంథం, గోదావరి గట్ల మీది కలప వర్తకుల కింద వారి శ్రమ ఎలా కట్టుబడిపోయిందో వివరంగా నమోదు చేసింది.

ఆ పట్టును సడలించేందుకు 1956లో విశాఖపట్నం కేంద్రంగా గిరిజన సహకార సంస్థ ఏర్పడింది. జీసీసీగా ప్రసిద్ధమైన ఈ సంస్థ ఒకవైపు బంక, చింతపండు, కుంకుళ్లు వంటి అటవీ ఫలసాయాలను కొంటూ, మరొకవైపు తన డిపోల ద్వారా బియ్యం, ఉప్పు వంటి నిత్యావసరాలను అమ్మింది. అనుసూచిత ప్రాంతాలలో చిన్నతరహా అటవీ ఉత్పత్తుల వర్తకాన్ని నియంత్రిస్తూ 1979లో వచ్చిన రెగ్యులేషన్ ప్రైవేటు కొనుగోళ్లను నిరోధించి, ఈ సంస్థ గుత్తాధికారానికి చట్టబలం ఇచ్చింది. వడ్డీ వ్యాపారి తూకం నుంచి సేకరణదారుకు రక్షణ కలిగినా, ధర నిర్ణయం అతని చేతికి రాలేదు. విదేశీ గిరాకీ హెచ్చుతగ్గులు అతనికి కొనుగోలు ధర రూపంలోనే తెలిసేవి.

ధర విధానంతో సమానంగా ఈ వర్తకపు ఆయుష్షును నిర్ణయించింది గాటు లోతు. గొడ్డలితో బెరడును దాటి కలపలోకి దిగేలా నరికితే ఆ ఏడు బంక ఎక్కువ రావచ్చు గాని, గాయం పూడక బూజు, పురుగులు చేరి చెట్టు చచ్చిపోతుంది. సరుకును తూకాన్ని బట్టే కొనే విపణిలో, రేపటి చెట్టుపై హక్కు లేని మనిషికి తొందర సహజం కనుక ఈ నష్టానికి అతని అజ్ఞానాన్ని మాత్రమే కారణంగా చూపడం న్యాయం కాదు. తర్వాతి దశాబ్దాలలో ప్రచారమైన మెరుగైన పద్ధతి ప్రకారం, తగినంత లావెక్కిన చెట్లనే ఎంచుకుని, పదునైన పనిముట్టుతో బెరడు వరకే చిన్న గాటు పెట్టి, దానిని కొద్దికొద్దిగా పైకి పొడిగిస్తూ, చెట్టుకు విరామం ఇస్తారు. బంక నేలరాలకుండా శుభ్రంగా సేకరించడం వల్ల మేలురకం వాటా కూడా పెరుగుతుంది.

2006 నాటి అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తులపై యాజమాన్య హక్కును అడవిలో నివసించేవారికే గుర్తించడంతో, చెట్టును కాపాడే బాధ్యత, దాని ఫలితం చట్టరీత్యా ఒకే చేతిలోకి వచ్చాయి. తపసి బంక చరిత్ర చెప్పేది ఇదే: ఏ స్రావం ఏ పనికి తగునో కర్మాగారాలు తేల్చగలవు గాని, ఆ స్రావం వచ్చే ఏడూ దొరకాలంటే గాటు పెట్టే మనిషికి సరైన ధర, చెట్టుపై స్థిరమైన హక్కు రెండూ ఉండి తీరాలి.