అడ్డపొగ వలన కలిగే అంగిలి వ్యాధులు

చుట్టను నిప్పు ఉన్న కొన నోటి లోపలికి వచ్చేటట్లు పెట్టుకొని కాల్చే అలవాటును అడ్డపొగ లేదా అడ్డచుట్ట అంటారు. నరసన్నపేట మండలం ఉన్న శ్రీకాకుళం జిల్లాలోను, ఉత్తర కోస్తాలోని ఇతర గ్రామాలలోను ఈ అలవాటు ప్రధానంగా స్త్రీలలో కనిపిస్తుంది. నిప్పు వేడి, పొగ నేరుగా తగలడం వలన అంగిలిపై మచ్చలు, పుండ్లు ఏర్పడతాయి. వీటిలో కొన్ని క్యాన్సరుగా మారుతాయి. నోటి క్యాన్సర్లలో గట్టి అంగిలి క్యాన్సరు సాధారణంగా అరుదు. అడ్డపొగ ఉన్న ప్రాంతాలలో మాత్రం తరచుగా కనిపిస్తుంది. ఫిలిప్పీన్స్, సార్డీనియా, పనామా, వెనిజులా వంటి చోట్ల కూడా ఈ అలవాటు నమోదైనది.

పరిశోధన చరిత్ర

చుట్టకు, క్యాన్సరుకు గల సంబంధాన్ని బొంబాయి టాటా మెమోరియల్ ఆసుపత్రికి చెందిన వి.ఆర్.ఖనోల్కర్ 1945లో ప్రచురించిన వ్యాసంలో చర్చించాడు. కోస్తా ఆంధ్రలో అంగిలి క్యాన్సరుకు అడ్డపొగ కారణమని డి.జి.రెడ్డి, వి.కె.రావు 1957లో ప్రకటించారు. తరువాత డెన్మార్కు శాస్త్రవేత్త పిండ్‌బోర్గ్, బొంబాయి టాటా మౌలిక పరిశోధన సంస్థకు చెందిన మెహతా, దఫ్తరీ, గుప్తా మొదలైనవారు శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామస్థులను పరీక్షించి, 1971లో ఫలితాలు ప్రచురించారు. వారిలో సుమారు 44 శాతం మందికి అడ్డపొగ అలవాటు ఉన్నది.

వర్గీకరణ

అంగిలి మార్పులను కంటికి కనిపించే రూపాన్ని బట్టి ఈ విధంగా విభజిస్తారు. ఒకే వ్యక్తిలో రెండు మూడు రకాలు కలిసి ఉండవచ్చు.

* అంగిలి అంతా తెల్లబడి మందంగా మారడం
* మధ్యలో ఎర్రని చుక్క గల చిన్న బుడిపెలు (ఆ చుక్కలు లాలాజల గ్రంథుల రంధ్రాలు)
* స్పష్టమైన అంచు గల తెల్లని మచ్చలు
* ఎర్రబడిన భాగాలు
* పుండ్లు
* సహజమైన నలుపు రంగు పోయిన భాగాలు

మామూలు పద్ధతిలో పొగ త్రాగేవారి అంగిలి కూడా తెల్లబడి బుడిపెలు కట్టవచ్చు, కాని దానిని క్యాన్సరుకు పూర్వస్థితిగా పరిగణించరు. చూడడానికి ఒకేలా ఉన్నా, అడ్డపొగ వారి అంగిలి మార్పులు ప్రపంచ ఆరోగ్య సంస్థ సహకార కేంద్రం 2020లో సవరించిన క్యాన్సరుగా మారగల నోటి వ్యాధుల జాబితాలో ఉన్నాయి. కాబట్టి రోగిని చుట్ట ఏ విధంగా కాలుస్తారో అడగడం రోగ నిర్ధారణలో మొదటి మెట్టు.

రోగ నిర్ధారణ

అంగిలి తనకు తాను చూసుకోగలిగిన చోటు కాదు. తొలిదశలో నొప్పి కూడా ఉండకపోవచ్చు. అందువలన చాలామంది ఆలస్యంగా వైద్యుని వద్దకు వస్తారు. కట్టుడు పళ్ళు ఉంటే తీసివేసి, మంచి వెలుతురులో అద్దంతో అంగిలి అంతా పరీక్షించాలి. ఎర్రని భాగాలు, రెండు వారాలు దాటినా మానని పుండ్లు, గట్టిపడిన కణుతులు ఎక్కువ అనుమానించదగినవి. వీటి నుండి చిన్న ముక్క తీసి సూక్ష్మదర్శినితో పరీక్షిస్తారు. దీనినే బయాప్సీ అంటారు. కణాలలో వికృతి ఉన్నదా, ఉంటే ఎంత తీవ్రమైనది, క్యాన్సరుగా మారినదా అనేది ఈ పరీక్షలోనే తేలుతుంది.

అడ్డపొగ వలన వచ్చేది సాధారణంగా పొలుసుల కణ క్యాన్సరు. అంగిలిలోని చిన్న లాలాజల గ్రంథుల నుండి కూడా కణుతులు పుట్టవచ్చు. నాడీ అంతఃస్రావ కణుతులు ఇక్కడ చాలా అరుదు. వాటిని సినాప్టోఫిసిన్, క్రోమోగ్రానిన్ అనే ప్రోటీన్లకు చేసే ప్రత్యేక రంజన పరీక్షలతో గుర్తిస్తారు. చికిత్స వేరు కనుక ఈ తేడా ముఖ్యమైనది. క్యాన్సరు అని తేలితే మెడలోని శోషరస గ్రంథులను పరీక్షించి, ఎముకకు వ్యాపించినదీ లేనిదీ సి.టి. స్కాన్‌తో చూస్తారు.

నివారణ

అలవాటు పూర్తిగా మానివేయడమే ప్రధాన నివారణ. చుట్టను తిప్పి మామూలుగా కాల్చడం పరిష్కారం కాదు, ఎందుకంటే పొగాకు ఏ రూపంలోనైనా హానికరమే. మానివేసిన తరువాత తెల్లని మార్పులు తగ్గవచ్చు. అయినా మార్పులు ఉన్నవారు క్రమం తప్పకుండా నోటి పరీక్ష చేయించుకోవాలి.