డబ్బు: సర్కారు జిల్లాల రాగి నాణెం

‘డబ్బు’ మొదట ధనమంతటికీ పేరు కాదు, ఒక రాగి నాణెం పేరు. దాని విలువ రూపాయిలో 48వ వంతు. పలాస, టెక్కలి, ఉద్దానం ప్రాంతమంతా చికాకోలు (శ్రీకాకుళం) సర్కారు కింద ఉన్న రోజుల్లో అది చిల్లర. నాణెం మాయమై ఎన్నో తరాలు గడిచాయి. ఇవాళ యాభై పైసలకైనా, లక్షకైనా దాని పేరే వాడుతున్నాం. మనం ‘డబ్బులు’ అని బహువచనంలో అనడంలో కూడా చేత్తో లెక్కపెట్టిన ఆ రాగి బిళ్లల చప్పుడే వినిపిస్తుంది.

ఈ తీరంలో నాణేల కథ రాగితో మొదలు కాలేదు. టెక్కలికి పడమర, వంశధార ఒడ్డున ఉన్న ముఖలింగం తూర్పు గంగరాజుల పాత రాజధాని. వాళ్లు వేయించిన బంగారు పణం అర గ్రాము కూడా తూగదు, గోరు మీద నిలుస్తుంది. ఒకవైపు పడుకున్న నంది, మరోవైపు అంకుశం, రాజు పాలనా సంవత్సరం అంకెల్లో. అంత చిన్న బంగారంతో ఉప్పో, చేపలో కొనేవాళ్లు అరుదే అయి ఉంటారు.

చిల్లర బేరానికి గవ్వలుండేవి. మాల్దీవుల నుంచి ఓడల్లో వచ్చిన ఈ గవ్వలే పక్కనున్న ఒడిశాలో పన్ను కట్టడానికీ చెల్లేవి. నాలుగు గవ్వలు ఒక గండా, 1,280 గవ్వలు ఒక కహణం, నాలుగు కహణాలు ఒక రూపాయి. అంటే రూపాయికి 5,120 గవ్వలు! 1803లో ఒడిశాను గెలిచిన ఈస్టిండియా కంపెనీ, శిస్తు వెండి రూపాయల్లోనే కట్టమంది. గవ్వ విలువ పడిపోయింది, రైతు మీద భారం పెరిగింది. 1817 పైకా తిరుగుబాటుకు చెప్పే కారణాల్లో ఇదొకటి. తెలుగులో గవ్వ ‘చేతిలో చిల్లిగవ్వ లేదు’ అన్న మాటలో మిగిలింది.

కంపెనీ 1794లోనూ 1797లోనూ ఉత్తర సర్కారుల కోసం డబ్బులను ఇంగ్లండులో అచ్చు వేయించింది. బర్మింగ్‌హామ్ దగ్గర మాథ్యూ బౌల్టన్ నడిపిన సోహో టంకశాలలో, ఆవిరి యంత్రం మీద అచ్చయిన ఆ నాణెం మీద ‘రూపాయికి 48’ అని ఇంగ్లీషులో చెక్కారు. చదవగలిగిన వాళ్లు ఇక్కడ ఎంతమందో! 1807 నాటి మద్రాసు నాణేలపై మాత్రం తెలుగు, తమిళ అక్షరాలు కనిపిస్తాయి.

లెక్క ఇలా ఉండేది: 20 కాసులు ఒక డబ్బు, నాలుగు డబ్బులు ఒక పణం, 42 పణాలు ఒక వరహా. మూడున్నర రూపాయలు ఒక వరహాతో సమానం. 1809 జనవరిలో ‘అడ్మిరల్ గార్డ్‌నర్’ అనే ఓడ టన్నుల కొద్దీ ఇలాంటి కాసులను మోసుకు వస్తూ ఇంగ్లండు తీరంలోనే ఇసుక దిబ్బలపై మునిగింది. 1980లలో గజ ఈతగాళ్లు వాటిని మూటలుగా పైకి తీశారు.

1818లో మద్రాసు రాజధానిలో వెండి రూపాయే ప్రమాణమైంది. 1835 చట్టంతో కంపెనీ ఏలుబడి అంతటా ఒకే రూపాయి వచ్చింది. క్రమంగా వరహా, పణం, డబ్బు తప్పుకున్నాయి. రూపాయికి పదహారణాలు, అణాకు నాలుగు కానులు, కానికి మూడు దమ్మిడీలు. రెండణాలు బేడ, నాలుగణాలు పావలా. ‘దమ్మిడీ ఆదాయం లేదు, క్షణం తీరిక లేదు’ అన్న సామెతలోని దమ్మిడీని 1942 తర్వాత ముద్రించలేదు. యుద్ధకాలంలో లోహం ఆదా చేయడానికి నడుమ కన్నం పెట్టిన కానీలు వచ్చాయి. వాటిని జనం ‘చిల్లికానీ’ అన్నారు.

1957 ఏప్రిల్ 1న నయాపైసా వచ్చి లెక్కను పదులకు మార్చింది. అణా ఆరుంబావు పైసలు కావడంతో చిక్కొచ్చింది. అణాకు ఆరు, రెండణాలకు పన్నెండు, మూడణాలకు పంతొమ్మిది పైసలని పట్టిక వేశారు. అణా వస్తువును మూడుసార్లు విడివిడిగా కొంటే పద్దెనిమిది పైసలే అవుతాయి. ఒకేసారి కొంటే పైసా దండగ.

పావలా మాత్రం రెండు లెక్కల్లోనూ సరిగ్గా ఇమిడి, పాతిక పైసలుగా 2011 జూన్ 29 వరకూ చెల్లింది. దాని పేరు వడ్డీ లెక్కలో ఇంకా మిగిలింది: జీడిపిక్కల బస్తాల మధ్య అప్పు మాట వస్తే పలాస, కాశీబుగ్గల్లో ఇప్పటికీ నూటికి నెలకు ఎంత అన్నదే లెక్క. ‘రెండు రూపాయల వడ్డీ’ అంటే ఏడాదికి 24 శాతం, ‘పావలా వడ్డీ’ అంటే మూడు.