దత్తభూమియు, మూఁతపడిన పాఠశాలయు

పాఠశాలకై భూమినిచ్చిన దాతను మనవారు సభచేసి సత్కరింతురు. శిలాఫలకముపై నాతని పేరు చెక్కింతురు. కాని యా బడిలోఁ బిల్లలు తగ్గి, యొకనాఁడు తలుపులకుఁ దాళము పడినచో ఆ నేల యెవరిది? దాని నమ్మవచ్చునా? కౌలున కీయవచ్చునా? వచ్చిన సొమ్మెవరికిఁ జెందవలెను? మన పల్లెలలోను బాలురు చాలక బడులు మూయఁబడుచున్న యీ దినములలో నిది వట్టి శాస్త్రచర్చ కాదు. ఈ చిక్కును మనకంటె ముందుగా ననుభవించిన ఇంగ్లండు దేశపు చరిత్రమును మహాజనులకు విన్నవించెదను.

అచ్చట బీదల పిల్లలకుఁ జదువు చెప్పు భారమును మొదట మతధర్మసంఘములే వహించినవి. వానిలోఁ బెద్దదియగు నేషనల్ సొసైటీ 1811లో నేర్పడెను. పాఠశాలాగృహములకై ప్రభుత్వము తొలిసారిగా ద్రవ్యమిచ్చినది 1833లో. అదియు 20,000 పౌనులు మాత్రమే. గోడలు చందాలతో లేచును. నేల యెట్లు వచ్చును? గ్రామభూములు జమీందారులవి. ఆ జమీందారులలోఁ బెక్కురు వంశపు కట్టుబాటునకు లోఁబడి ఆస్తిని జీవితకాల మనుభవించువారే కాని, యిష్టమువచ్చినట్లు ధారవోయఁగలవారు కారు. ఈ యడ్డంకిని దొలఁగించుటకై పార్లమెంటు 1841లోఁ బాఠశాలాస్థలముల చట్టమును గావించెను. జీవితకాలపు హక్కుదారుఁడు సయితము ఒక యెకరమునకు మించని స్థలమును బీదల విద్యకై యీయవచ్చునని దాని నిర్ణయము. బడికే గాక ఉపాధ్యాయుని నివాసమునకును స్థలమీయవచ్చునని యందు స్పష్టముగా నున్నది. (అద్దెయిండ్లలోఁ గాలము గడపిన బడిపంతులు కంటికి ఈ మాట యానక మానదు.)

అయితే 2వ సెక్షనులోనే యొక మెలిక కలదు. ఇచ్చిన స్థలము గాని, యందొక భాగము గాని ఉద్దిష్టకార్యమునకు వినియోగపడుట మానినచో, అది యే యాస్తినుండి వేఱుపడెనో తత్క్షణమే యా యాస్తిలో మరలఁ జేరును. దస్తావేజులో నీ మాట లేకున్నను చట్టమే దానిని వర్తింపఁజేయును. తన పొలముల నడుమ పాడుపడిన బడి పరులపాలగునను భయము లేక దాత ముందుకు వచ్చుటకే యీ యేర్పాటని తోఁచును.

మనకు దత్తాపహారము మహాపాతకము; తామ్రశాసనములలో దానము ఆచంద్రార్కము. అట్లని మన ధర్మశాస్త్రము ఈ ప్రశ్ననే యెఱుఁగదనుట పొరపాటు. నారదుఁడు వ్యవహారపదములలో దత్తాప్రదానికమును వేఱుగాఁ బెట్టి, దత్తము సప్తవిధములనియు, అదత్తము షోడశవిధములనియు విభజించెను. మనువు ఎనిమిదవ యధ్యాయమున, ధర్మకార్యమునకని యడిగినవానికిచ్చిన ధనము పిదప నట్లు వినియోగింపఁబడనిచో ఆ దానము చెల్లదనెను. లోభముచేతనో దర్పముచేతనో తిరిగి యీయనివానికి దండనము సయితము విధించెను. అయితే మనువు చెప్పినది ధర్మకార్యము చేయనే చేయని ప్రతిగ్రహీతనుగూర్చి. నూఱేండ్లు చదువు చెప్పి, పిల్లలు లేక మూఁతపడిన బడి యట్టిది కాదు. ఆంగ్లచట్టము ఈ రెంటికిని భేదము పాటింపలేదు.

ఆ భేదము పాటింపకపోవుటవలన వచ్చిన తగవులు పెక్కు. తరములు గడచినవి, ఎస్టేటులు ముక్కలై యమ్ముడుపోయినవి. స్థలము దాత వారసునిదా, చుట్టుపట్ల భూమిని గొన్నవానిదా యను వ్యాజ్యములు న్యాయస్థానముల కెక్కినవి. బడి నడుచుచుండఁగా, మఱింత యనువగు స్థలముకొఱకుఁ బాతదానిని అమ్ముకొను నధికారము 14వ సెక్షను ధర్మకర్తల కిచ్చినది. బడి మూఁతపడి హక్కు మరలిన పిమ్మట నా యధికారము లేదు. ఈ సంగతి యెఱుఁగక, మూసిన బడిని తమదేయని యనుకొన్న ధర్మకర్తలును గలరు. పండ్రెండేండ్లు వారసుఁ డడుగకున్నచోఁ గాలదోషము పట్టి యాతని హక్కు నశించును. అప్పుడును ఆ స్థలము ధర్మకర్తల సొంతము గాక ధర్మమునకే నిలుచునని 1956లో ఇంగిల్టన్ ధర్మాదాయపు వ్యాజ్యమునఁ దీర్పు వచ్చెను. ఈ తీర్పు నాకుఁ జాల నచ్చినది.

బడి మూసినంతనే హక్కు తనంతట వారసునిఁ జేరునా, లేక ధర్మకర్తలు వారసునికొఱకు దానిని బట్టియుందురా యను విషయమున 1979లో నొక న్యాయాధిపతియు, 1984లో మఱియొకరును భిన్నముగాఁ జెప్పిరి. ఈ నడుమ 1981లోనే లా కమిషను తన నివేదిక నిచ్చియుండెను. తుదకు 1987 నాఁటి చట్టము భూమి మరలిపోవుటను మాన్పెను. స్థలము ధర్మకర్తల యొద్దనే యుండును. వారు దాని నమ్మవచ్చును. ఫలము మాత్రము హక్కుదారునిది. హక్కుదారుఁడు కానరానిచోఁ జారిటీ కమిషను ఆ హక్కును రద్దుచేసి, ఆ సొత్తును మునుపటి యుద్దేశమునకు సన్నిహితమైన ధర్మకార్యమునకు మరల్పవచ్చును. అటుపిమ్మట నైదేండ్లలోపల వారసుఁడు వచ్చి హక్కు నిరూపించినచో నాతనికి విలువ చెల్లింపవలెను. ముత్తాత చేసిన విద్యాదానమునకు మునిమనుమఁడు వెల కట్టించుకొనుట నా మనస్సునకు రుచింపదు. కాని దాతకుఁ జట్టమిచ్చిన మాటను బిమ్మట నిర్మూలముగాఁ ద్రోసిపుచ్చుటయు న్యాయము కాదు గదా!

దస్తావేజులో లేకున్నను దానభూమి తనంతట మరలివచ్చునను నియమము మన 1882 నాఁటి ఆస్తి బదిలీ చట్టమున లేదు. కావున మనకడ దానపత్రములోని మాటయే ప్రధానము. ప్రజాధర్మముగా నిచ్చిన దానియుద్దేశము నెఱవేఱుట యసాధ్యమైనచో, సివిల్ ప్రొసీజరు కోడు 92వ సెక్షనునకు 1976లోఁ జేర్చిన 3వ యుపవిధి ననుసరించి న్యాయస్థానము దానిని మార్పవచ్చును. భూమి తిరిగి రావలెనని దాత కోరినచో, తన యిష్టముపై నాధారపడని యొక నిర్దిష్టసంఘటన జరిగినప్పుడు దానము రద్దగునని గ్రహీతతోఁ గూడ ఒడంబడిక చేసికొనుటకు ఆస్తి బదిలీ చట్టము 126వ సెక్షను సమ్మతించును. పిల్లలు లేక బడి మూఁతపడుట యట్టి సంఘటనగా వ్రాసికొనవచ్చును. దాత కేవలము తన యిచ్ఛచొప్పున నెప్పుడైనను రద్దుపఱుపవచ్చునని యిరువురు నొప్పుకొని వ్రాసికొన్న దానము మాత్రము చెల్లదు.