ఆటల వేళ గాజు పలక: రాజా దీన్ దయాళ్

చుట్టూ మద్రాసు రాజధానిలోని కృష్ణా జిల్లా గ్రామాలే ఉన్నా, పరిటాల మాత్రం వజ్రపు గనుల కారణంగా నిజాం తన చేతిలో నిలుపుకొన్న విడి భూభాగంగా హైదరాబాదు రాజ్యం చివరి రోజుల దాకా కొనసాగింది. ఆ రాజ్యాన్ని ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఏలిన కాలంలో దర్బారు ఛాయాచిత్రకారుడిగా పనిచేసిన రాజా దీన్ దయాళ్‌ను ప్రభువుల రూపచిత్రాలకూ కట్టడాల చిత్రాలకూ చరిత్రకారులు ఘనంగా తలచుకుంటారు గాని, పోలో, వేట వంటి వినోదాలను ఆయన స్టూడియో చిత్రించిన తీరుకు అంతటి గుర్తింపు దక్కలేదు. తెలుగు నేలపై క్రీడా ఛాయాగ్రహణానికి మూలాలు వెతికేవారు మొదట ఆగవలసిన చోటు అదే.

1844లో మీరట్ సమీపంలోని సర్ధనాలో పుట్టిన దీన్ దయాళ్ రూర్కీలో ఇంజనీరింగ్ చదివి, ఇండోరులో ప్రజాపనుల శాఖ ఉద్యోగిగా ఉంటూ 1870ల నడుమ కెమెరా చేపట్టారు. 1880ల మధ్యలో హైదరాబాదు చేరి, 1886లో సికింద్రాబాదులో స్టూడియో తెరిచారు. మౌలాలీలో జరుగుతుండిన గుర్రపు పందేలు నిజాం కోరికపై మలక్‌పేటకు మారినదీ ఆ ఏడాదే.

ఆ రోజుల్లో ఆటను ఫోటో తీయడమంటే ఎంత కష్టమో నేటి పాఠకుడు ఊహించుకోవడం తేలిక కాదు. అంతకు ముందు వాడుకలో ఉన్న తడి పలక పద్ధతిలో, గాజు పలకకు కొలోడియన్ అనే జిగురు ద్రావణం పూసి, వెండి లవణపు ద్రావణంలో ముంచి, అది ఆరేలోగా కెమెరాలో పెట్టి చిత్రం తీసి, వెంటనే చీకటి గుడారంలో కడగవలసి వచ్చేది. పలకకు కాంతి సోకడానికి సాధారణంగా సెకన్ల కాలం పట్టేది కనుక దౌడు తీసే గుర్రం ఒట్టి మసకగా మిగిలేది. 1878లో కాలిఫోర్నియాలో ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ పరుగెత్తే గుర్రం నాలుగు కాళ్లూ ఒక క్షణం నేలను వీడతాయని చిత్రాలతో నిరూపించాడు గాని, అందుకు ప్రత్యేకంగా సిద్ధం చేసిన బాట పక్కన వరుసగా కెమెరాలు నిలపవలసి వచ్చింది. ముందుగానే తయారై పెట్టెల్లో వచ్చే జెలటిన్ పొడి పలకలు 1880లలో వ్యాపించాక సెకనులో చిన్న భాగం చాలింది. అయినా ఒక్కో చిత్రానికి ఒక్కో బరువైన పలక మార్చవలసిందే కనుక, తప్పిపోయిన క్షణం తిరిగి దొరికేది కాదు.

ఈ పరిమితిని దీన్ దయాళ్ ఎదిరించకుండా తనకు అనుకూలంగా మలచుకున్నారనే చెప్పాలి. వేగాన్ని వెంటాడడం కన్నా, ఆటకు ముందూ తరువాతా మనుషులు నిలిచే తీరును చూపడంలోనే ఆయన ప్రతిభ నిండుగా కనిపిస్తుంది. 1902 ఏప్రిల్‌లో వైస్రాయి కర్జన్ ఓరుగల్లు సీమలోని నెక్కొండ దగ్గర వేటకు వచ్చినప్పుడు, చంపిన పులితో కర్జన్ దంపతులు నిలిచిన చిత్రం ఆయన స్టూడియో తీసినదే. వేటను ఆ కాలం క్రీడగా ఎంచింది, ఈ కాలం ఎంచదు, ఎంచకపోవడమే న్యాయం. కాని అధికారం తన్ను తాను ఎలా చూపించుకోగోరిందో తెలుసుకోవడానికి అంతకన్నా స్పష్టమైన సాక్ష్యం అరుదు.

నిజాం ఆయనకు రాజా బహద్దూర్ ముసవ్విర్ జంగ్ అనే బిరుదు ఇచ్చాడు. ముసవ్విర్ అంటే చిత్రకారుడు. పరదా పాటించే స్త్రీల కోసం 1892లో స్త్రీల నిర్వహణలోనే వేరుగా ఒక స్టూడియో నడిపించడం, 1896లో బొంబాయిలో శాఖ తెరవడం, మరుసటి ఏడు విక్టోరియా రాణి ఛాయాచిత్రకారుడిగా నియమితులు కావడం ఆ వృత్తి జీవితపు శిఖరాలు. 1905లో ఆయన కన్నుమూశారు.

ఆ కెమెరా దర్బారూ దండూ పిలిచిన చోటికే వెళ్లింది. పరిటాల వంటి పల్లెల చెడుగుడుకూ ఎడ్ల పందేలకూ అంత ఖరీదైన పలక వెచ్చించే పోషకుడు లేడు. చేతిలో ఇమిడే 35 మిల్లీమీటర్ల కెమెరా లైకా పేరుతో 1925లో అంగడికి వచ్చి, ఫిల్ము చవకయ్యాక గాని మైదానపు అంచున సామాన్యుడి ఆట కోసం కాచుకుని కూర్చునే ఛాయాగ్రాహకుడు పుట్టలేదు. దీన్ దయాళ్ స్టూడియో గాజు నెగెటివ్‌లు 2,857 ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రానికి 1989లో చేరాయి. వాటిలో ఆటలకు చెందినవాటిని ఏరి, స్థలకాలాల వివరాలతో తెలుగులో ఒక సంపుటంగా తెస్తే, ఆయనకు తెలుగువారు పడిన బాకీలో కొంతైనా తీరుతుంది.