ఎవరి మాటకు ఈ అక్షరాలు

అక్షరమాలలోని ఒక్కో అక్షరం పట్టుకొని అక్షరాంక పద్యాలు అల్లినవాడు పాల్కురికి సోమనాథుడు. సంస్కృతం ముదిరిన కవిత్వానికి ఎదురు నిలిచి, నలుగురికీ తెలిసే జాను తెనుగే మేలన్నదీ ఆయనే. ఆయన ఊరు పాలకుర్తి ఇవాళ జనగామ జిల్లాలో మండల కేంద్రం. ఆ మండలంలోనే పోతన ఊరుగా చెప్పుకునే బమ్మెర. అంతటి అక్షర సంపద ఉన్న నేల మీద మామూలు ఇంటి పిల్లకు అఆలు దిద్దించడం ఎట్లా సాగిందో చూద్దామంటే మాత్రం కావ్యాలు పనికిరావు. పంతుళ్ల బడులు, సర్కారు ఆజ్ఞలు, తండా బడుల హాజరు పట్టీలు తిరగేయాలి.

వీధి బడి అనండి, పంతులు బడి అనండి, ఖానగీ బడి అనండి, నడిచే తీరు ఒకటే. గుడి మండపమో, ఎవరింటి అరుగో, చెట్టునీడో బడి. చెప్పేది బ్రాహ్మణ పంతులో, సాతాని అయ్యవారో. ఐదో ఏట అక్షరాభ్యాసం చేసి పిల్లవాణ్ని తెచ్చి కూర్చోబెట్టేవాళ్లు. ముందు ఇసుక. పరిచిన ఇసుకలో పంతులు వేలు పట్టి ఓనమాలు దిద్దిస్తాడు. చెయ్యి తిరిగాక పలక, ఆ పైన తాటాకు, గంటం. వేలు రాస్తుంటే నోరు గట్టిగా పలకాలి. నోరు ఆగితే బెత్తం లేస్తుంది. అఆల తర్వాత కఖలు, వాటి వెనక గుణింతాలు, ఒత్తులు, ఎక్కాలు. ఇవన్నీ కంఠతా వచ్చాకే శతకం, అమరకోశం. చివరికి ఉత్తరం రాయడం, పత్రం రాయడం, వడ్డీ కట్టడం. పంతులుకు ముట్టేది గింజలు, దసరాకు పిల్లల్ని వెంటేసుకొని ఇంటింటికీ తిరిగి తెచ్చుకునే మామూలు. పిల్లలకు పప్పుబెల్లాలు. ఇక శిక్షలు చెప్పాలంటే చాలా ఉన్నాయి: గుంజీలు, గోడకుర్చీ, అన్నిటికన్నా ఘోరమైన కోదండం, అంటే దూలానికి కట్టిన తాడుకు వేలాడదీయడం. ఆ కాలపు చదువే చదువని మురిసిపోయే పెద్దలు ఈ తాడు సంగతి ఎందుకో మరిచిపోతుంటారు.

ఇటువంటి బడులను దగ్గరగా చూసి రాసిపెట్టినవారిలో బళ్లారి కలెక్టర్ ఎ.డి. క్యాంబెల్ ముఖ్యుడు. మద్రాసు గవర్నర్ థామస్ మన్రో 1822లో జిల్లాల్లోని బడుల లెక్క అడిగాడు. మరుసటి ఏడు క్యాంబెల్ పంపిన నివేదికలో 533 బడులు తేలాయి. వాటిలో తెలుగు చెప్పేవి 226, కన్నడం చెప్పేవి 235. అప్పటికే తెలుగు వ్యాకరణం రాసిన మనిషి కాబట్టి ఆయన లెక్కతో ఆగలేదు. పైసా ఖర్చు లేకుండా రాత నేర్పే ఉపాయాన్నీ, పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు చెప్పే ఏర్పాటునూ మెచ్చుకున్నాడు. వెంటనే లోపాన్నీ పట్టుకున్నాడు. పిల్లలు వల్లించేవి పద్యాలు, ఆ పద్యాల భాష వాళ్లు మాట్లాడేది కాదు, అందుకే ఏళ్ల తరబడి చదివినా అర్థం తెలియకుండా అప్పజెప్పడమే మిగులుతోందన్నది ఆయన ఫిర్యాదు. అది రాసి రెండు వందల ఏళ్లు దాటింది. బడి భాష నాలుగైదు సార్లు మారింది, ఫిర్యాదు మాత్రం అట్లాగే ఉంది. నా మట్టుకు నాకు, మన చిన్నపిల్లల చదువు చరిత్ర అంతా ఆ ఒక్క ఫిర్యాదు చుట్టూ తిరిగినదే.

పిల్లలే పిల్లలకు చెప్పే పద్ధతికి ఇంకో విశేషం ఉంది. మద్రాసు ఎగ్మూరులోని అనాథ బాలుర బడిని నడిపిన ఆండ్రూ బెల్, ఇక్కడి పిల్లలు ఇసుకలో రాయడం చూసి దాన్ని తన బడిలో పెట్టి, నేర్పే పని పిల్లలకే అప్పగించాడు. 1797లో లండన్‌లో పుస్తకం వేశాడు. అదే ‘మద్రాసు పద్ధతి’ పేరుతో ఇంగ్లండు పేదపిల్లల బడులకు ఎక్కింది.

1832లో పుదూరు సీతారామశాస్త్రి బాలశిక్ష మద్రాసులో వచ్చింది. అదే పెరిగి పెద్దబాలశిక్ష అయి, వావిళ్ల వంటి అచ్చుకూటాల మీదుగా తెలుగు దేశమంతా తిరిగింది. రెండక్షరాల మాటలు, మూడక్షరాల మాటలు అంటూ మెట్లు కట్టడం ఆ పుస్తకం చేసిన మేలు. మిగతాదంతా నీతులు, తిథులు, సంవత్సరాల పేర్లు, లెక్కలు, ఇంటిల్లిపాదికీ పనికొచ్చే సరుకు. ఐదేళ్ల పిల్ల తనంతట తాను చదువుకొని నవ్వుకునే పేజీ అందులో వెతకాల్సిందే.

బళ్లారి కుంఫిణీ పాలనలో ఉంటే, మన జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతం నిజాం ఇలాకా. మానుకోట అని పిలిచే మహబూబాబాద్ వరంగల్ జిల్లా తాలూకా, జనగామ అప్పట్లో నల్లగొండ జిల్లా తాలూకా, కాళేశ్వరం కరీంనగర్ జిల్లాలో మంథని వైపు. 1880లలో ఫారసీ పోయి ఉర్దూ రాజభాష అయింది. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూలో పైచదువులు మొదలుపెట్టింది. దేశభాషలో పైచదువు సాధ్యమేనని చూపిన సాహసం అది, కాదనను. కాని ఆ భాష జనగామ రైతుబిడ్డది కాదు. సర్కారు బడి తహతానియా, వస్తానియా, ఫోకానియా అని మెట్లెక్కుతుంటే, ఆ మెట్ల మీద తెలుగుకు చోటు తక్కువ. తెలుగు అక్షరం కావాలంటే ఖానగీ బడే దిక్కు. ఆ దిక్కు మీదా దెబ్బ పడింది. 1924 ప్రాంతంలో అనుమతి లేనిదే ఖానగీ బడి నడపరాదని సర్కారు ఆజ్ఞ వేసింది. నాలుగు వేలకు పైగా ఉన్న బడులు రెండు మూడేళ్లలో వెయ్యి చిల్లరకు పడిపోయాయి. చెట్టుకింద ముప్పైమంది పిల్లలతో గింజలకు చదువు చెప్పే పంతులు అర్జీలు పెట్టి అనుమతి తెచ్చుకోగలడా?

అందుకే 1921లో పుట్టిన ఆంధ్ర జనసంఘం, 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన మొదలైన ఆంధ్ర మహాసభ ఈ సంగతిని గట్టిగా పట్టుకున్నాయి. ప్రాథమిక చదువు మాతృభాషలో ఉండాలనీ, ఖానగీ బడుల మీద ఆంక్షలు తీసేయాలనీ అడిగాయి. హనుమకొండలో 1904లోనే రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషా నిలయం తెరుచుకుంది. బడిలో దొరకని తెలుగును గ్రంథాలయంలో వెతుక్కున్న తరం అది. ఇప్పటి మహబూబాబాద్ జిల్లా చిన్నగూడూరులో 1925లో పుట్టిన దాశరథి కృష్ణమాచార్య బడిలో ఉర్దూ, ఇంట్లో సంస్కృతం, తెలుగు చదువుకున్నాడు. మూడు భాషల్లోనూ ఆరితేరాడు. ఇంట్లో పండితుడైన తండ్రి ఉన్నాడు కాబట్టి సాగింది. విసునూరు దేశ్‌ముఖ్ ఏలుబడిలో, దొర పశువుల వెంట జీతానికి కుదిరిన పిల్లవాడికి ఉర్దూ బడీ లేదు, తెలుగు బడీ లేదు. దళిత వాడల పిల్లలను పంతులు బడి అరుగు ఎక్కనివ్వలేదు. ఆ కొరత తీర్చడానికి హైదరాబాదులో భాగ్యరెడ్డివర్మ 1910 నుంచి తెలుగు బడులు పెట్టుకుంటూ వచ్చారు. ఆడపిల్లల కోసం మాడపాటి హనుమంతరావు 1928లో తెలుగు మాధ్యమంలో బడి తెరిచారు. పల్లెల దాకా ఆ గాలి రావడానికి చాలా కాలం పట్టింది.

1948 తర్వాత బడులు పెరిగాయి, భాష తెలుగైంది. 1956 తర్వాత పుస్తకమూ ఒకటైంది. అయితే ఆ పుస్తకం తెలుగు కృష్ణా, గోదావరి జిల్లాల చదువుకున్న ఇళ్ల తెలుగు. పలకలో ఒకటి, ఇంట్లో ఒకటి. పిల్లవాడు బడిలో ఇంటి మాట అంటే ‘అట్లా అనొద్దు’ అని దిద్దించుకున్న తరాలు మన మధ్యే ఉన్నాయి.

నేర్పే పద్ధతి నిజంగా కదిలింది 1980లలో. బ్రిటన్ సాయంతో వచ్చిన ప్రాథమిక విద్యా పథకం, అదే టీచర్లు ‘ఏపీపెప్’ అని పిలుచుకున్నది, పిల్లలను గుంపులుగా కూర్చోబెట్టడం, బొమ్మలతో, పనులతో నేర్పడం చెప్పింది. 1996లో జిల్లా ప్రాథమిక విద్యా పథకం రాష్ట్రంలో తొలి విడతగా ఐదు జిల్లాల్లో మొదలైతే, వాటిలో వరంగల్, కరీంనగర్ రెండూ ఉన్నాయి. అంటే ఇప్పటి జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి పల్లెలు దాదాపు అన్నీ ఆ తొలి విడతలో ఉన్నట్టే. అప్పటి చిత్తూరు జిల్లా రిషీవ్యాలీ వాళ్లు ఒకే టీచరున్న బడి కోసం తయారుచేసిన కార్డులు, మెట్ల పట్టిక ఆ రోజుల్లో దేశమంతా మాట్లాడుకున్నవి. ఐదు తరగతులు, ఒక సారు ఉన్న తండా బడికి అంతకన్నా అక్కరకొచ్చే ఉపాయం నాకైతే కనిపించలేదు.

అప్పుడే పెద్ద వాదు లేచింది. అక్షరం ముందా, మాట ముందా? పాతవాళ్లది అఆల వరుస. కొత్తవాళ్లది బొమ్మ చూపి మాట్లాడించి, ‘తల, వల, పలక’ వంటి సరళ పదాలు చదివించి, వాటిలోంచి అక్షరం విడదీసే దారి. తెలుగు లిపి బరువు తెలిసినవాళ్లకు ఈ వాదు ఎందుకు తెగదో అర్థమవుతుంది. ముప్పై అయిదు హల్లులకు పన్నెండేసి గుణింత రూపాలు వేసుకున్నా నాలుగు వందలు దాటుతాయి. ఒత్తులు, సంయుక్తాక్షరాలు అదనం. పక్కనున్న కన్నడంలో సోనాలీ నాగ్ చేసి 2007లో అచ్చువేసిన పరిశోధన, పిల్లలు అక్షరాలన్నీ పట్టుకోవడానికి ఒకటి రెండు తరగతులు చాలవనీ, ఆ పని పై తరగతుల్లోకీ సాగుతుందనీ చూపింది. ఒకటో తరగతి సంక్రాంతికల్లా గుణింతాలన్నీ రావాలని పట్టుబట్టే తల్లిదండ్రులు ఇది గమనించాలి. నన్నడిగితే రెండు దారులూ కావాలి. మాటతో మొదలుపెట్టాలి, అక్షరాల సాధన మానొద్దు. వల్లె వేయడం తప్పు కాదు. అర్థం లేనిదాన్ని వల్లె వేయించడం తప్పు.

అర్థం అనగానే మళ్లీ పాత ఫిర్యాదు దగ్గరికే వస్తాం. మహబూబాబాద్ జిల్లా జనంలో గిరిజనులు మూడో వంతుకు మించి ఉన్నారు. వాళ్లలో లంబాడాలు ఎక్కువ. భూపాలపల్లి అడవి పల్లెల్లో కోయలు, నాయకపోడులు. లంబాడా పిల్లకు అమ్మ ‘యాడి’, నీళ్లు ‘పాణి’. అ అంటే అమ్మ అని మొదలయ్యే పుస్తకం ఆ పిల్లకు రెండు పనులు ఒక్కసారే పెడుతుంది, కొత్త గీతా, కొత్త మాటా. దీన్ని చాలా ముందే గుర్తించినవాడు గిడుగు రామమూర్తి. పర్లాకిమిడిలో సవరల భాష తాను నేర్చుకొని, వాళ్ల మాటలతో వాచకాలు రాసి, బడులు పెట్టించాడు. వ్యావహారిక భాష కోసం ఆయన చేసిన పోరాటాన్నే మనం తలచుకుంటాం, సవర బడి సంగతి అంతగా తలచుకోం. నిజాం రాజ్యంలో 1943 ప్రాంతంలో మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ ఆదిలాబాద్ జిల్లా మార్లవాయిలో గోండు టీచర్ల శిక్షణ మొదలుపెట్టించి గోండీ వాచకాలు వేయించాడు. ఆ తర్వాత చాలా కాలం ఆ దారిన నడిచినవాళ్లు తక్కువ. 2004 ప్రాంతంలో ఉమ్మడి రాష్ట్రం కోయ, గోండీ, కొలామీ, బంజారా సహా ఎనిమిది గిరిజన భాషల్లో, తెలుగు లిపిలోనే, వాచకాలు తెచ్చి బహుభాషా విద్య మొదలుపెట్టింది. ఇంటి భాషలో చదవడం నేర్చుకొని, మెల్లగా తెలుగుకు దాటడం దాని పద్ధతి. ఇన్ని పథకాల్లో ఇదే సరైనదని నా అభిప్రాయం. అన్నిటికన్నా తక్కువ బడులకు అందిందీ ఇదే.

కాళేశ్వరం దగ్గర వంతెన దాటితే మహారాష్ట్ర సిరొంచ. అక్కడ ఇళ్లలో తెలుగు, బడిలో మరాఠీ. ఇవతల లంబాడా పిల్ల తెలుగు బడిలో పడే పాటు, అవతల తెలుగు పిల్ల మరాఠీ బడిలో పడుతుంది. ఆ పిల్ల కష్టం మనకు వెంటనే అర్థమవుతుంది. మన తండా పిల్లది ఎందుకు కాదు?

కరోనా మూతల తర్వాత అసర్ సర్వే లెక్కలు గుండె ఝల్లుమనిపించాయి. తెలంగాణ పల్లెల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 2018లో 18.1 శాతం ఉంటే, 2022లో 5.2 శాతం. కరోనా మీదే నెపం వేయలేం. మూతలకు ముందు కూడా నూటికి ఎనభై మంది చదవలేకనే ఉన్నారు. 2021లో కేంద్రం నిపుణ్ భారత్ ప్రకటించింది. 2022 ఆగస్టు 15న రాష్ట్రం ‘తొలిమెట్టు’ మొదలుపెట్టి, ఐదో తరగతి దాకా ప్రతి పిల్లా ఎక్కడుందో చూసి అక్కడి నుంచి నేర్పమంది. ఆలోచన మంచిది. అదే విద్యా సంవత్సరంలో సర్కారు బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది తరగతులకు ఇంగ్లీషు మాధ్యమం వచ్చింది, ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషు ఉన్న పుస్తకాలతో. ఇంగ్లీషు అడుగుతున్నది తల్లిదండ్రులే. వాళ్ల ఆశను తప్పుపట్టే హక్కు, పిల్లల్ని కాన్వెంటుకు పంపుకున్న మనలాంటివాళ్లకు లేదు. కాని తండా పిల్లకు ఇప్పుడు ఒకటో తరగతిలోనే రెండు కొత్త భాషలు, రెండు లిపులు.

కాబట్టి విద్యాశాఖకు ఒక మనవి. లంబాడా, కోయ ఇళ్ల నుంచి వచ్చి టీచర్లయినవాళ్లు ఇప్పుడు మన జిల్లాల్లో ఉన్నారు. బదిలీల కౌన్సెలింగ్‌లో తండా, గూడెం బడుల ఒకటి, రెండు తరగతులు వాళ్లకు ముందు ఇవ్వండి. మూలపడిన బంజారా, కోయ వాచకాలను మళ్లీ అచ్చు వేసి, తొలిమెట్టు సామగ్రితో పాటే వచ్చే జూన్‌లో బడులకు పంపండి.