బడులు తెఱచునాటి శూల



నేటి ప్రసంగమునకు విషయము శూల. ఈశ్వరుని చేతి యాయుధమును గూర్చి కాదు, మనుష్యుని కడుపులో హఠాత్తుగా బొడిచెడి పోటును గూర్చి చెప్పబోవుచున్నాను. చరిత్రకారులు యుద్ధములను వ్రాసిరి, సంధులను వ్రాసిరి. నొప్పికిని ఒక చరిత్ర కలదని నాకు జాలకాలము తోచలేదు. తోచిన దినము మాత్రము చక్కగా జ్ఞాపకమున్నది.

అది 1998వ సంవత్సరము జూన్ నెల. మృగశిర కార్తె ప్రవేశించిన వారము. మా యమ్మాయికి పదునొకండేండ్లు. దూరపు పట్టణమున నొక వసతి పాఠశాలలో దానికి ఆఱవ తరగతిలో జోటు దొరకినది. చెప్పిన దినమున సాయంకాలము అయిదు గంటలలోపల బిడ్డను, పత్రములను దీసికొని తండ్రియే రావలయును. రానిచో నా చోటు పట్టికలోని తరువాతి పేరునకు బోవును. ఉపాధ్యాయుడనైన నేను ఇట్టి నియమములను ఇతరుల బిడ్డల విషయమున ఎన్నిమారులో నడపినవాడను. ఆనాడు నాకే వచ్చినది.

ఇచట నొక మాట. జూన్ నెలలో బడులు తెఱచుట మన పూర్వుల మర్యాద కాదు. వేదాధ్యయనమునకు శ్రావణ పూర్ణిమనాటి యుపాకర్మ మొదలు. వీధిబడులలో బిడ్డలను విజయదశమికి జేర్చెడివారు. అవి వానలు కురిసి నూతులలో నీరూరు దినములు. ఇప్పటి యేర్పాటు వేసవి సెలవులను బట్టి వచ్చినది. రోహిణి కార్తె యెండలకు ఒడలి నీరు చెమటగా బోవును, మూత్రము చిక్కబడును, అందలి లవణములు గడ్డకట్టుటకు అదియే యదను. బడులు తెఱచు దినములును, ఱాళ్ళు కదలు దినములును మన సీమలో నించుమించుగా నొక్కటియే యని పిమ్మట వైద్యులు చెప్పగా వింటిని.

తెల్లవాఱుజామున నాలుగు గంటలకు ఎడమవైపున, ప్రక్కటెముకల క్రింద, పోటు మొదలైనది. వేడి చేసినదనుకొని మజ్జిగ త్రాగితిని. మా యింటావిడ దీపము దెచ్చి, "ఏమండీ, మొగ మట్లున్నదేమి?" యని యడిగినది. నిద్రలేమి యని చెప్పి, రేకుపెట్టె నెత్తికొని, బిడ్డను వెంటబెట్టుకొని తొలి బస్సెక్కితిని. నొప్పి యలవలె వచ్చుచు బోవుచుండెను. వచ్చినప్పుడు కూర్చుండలేను, నిలువలేను, ఒరగలేను. గజ్జల వఱకు దిగి యచట మెలిపెట్టుచుండెను. కిటికీ నుండి రెండుమాఱులు వమనమైనది. "నాన్నగారూ, దిగిపోదమా?" యని పిల్ల యడిగినది. బస్సు కుదుపు తల్లీ, మఱేమి లేదంటిని. అప్పటికి నా చొక్కా తడిసి ముద్దయైనది. ఆ యబద్ధమును నేను ధైర్యమనుకొంటిని. పిల్ల నమ్మలేదని తరువాత దెలిసినది.

కండక్టరు మంచివాడు. దారిలోని పట్టణమున నొక ఆసుపత్రి ముంగిట బస్సాపి, పెట్టె కూడ దింపించెను. అచట చీటి లేనిదే ఎవరును మన వంక జూడరు. చీటికొఱకు వరుసలో నిలువవలయును. నిలిచినది మా పిల్ల. రెండు గంటలు నేను బల్లపై ముడుచుకొని పడియుంటిని. ఆ రెండు గంటలలో నాకు దేవుని నామము కంటె ముందుగా, చిన్ననాడు గురువుగారి యొద్ద వల్లించిన సుశ్రుతసంహిత జ్ఞప్తికి వచ్చినదని చెప్పుటకు సిగ్గుపడను.

సుశ్రుతుడు నిదానస్థానమున మూడవ యధ్యాయమును అశ్మరికే కేటాయించెను. అశ్మరి యనగా మూత్రమార్గమందలి ఱాయి. క్రొత్తకుండలో బోసిన తేటనీటి యడుగునను కొంతకాలమునకు మడ్డి చేరునట్లే యిదియు నేర్పడునని యతని యుపమానము. ఇప్పటి రసాయనశాస్త్రజ్ఞులు చెప్పునదియు దీనికి మిక్కిలి దూరము కాదు. ఱాయి చిన్నదై యిసుకవలె నున్నచో దానిని శర్కర యనిరి. దాని లక్షణములలో కుక్షిశూల, వణకు, దప్పిక, వాయువు పైకి దన్నుట చెప్పబడినవి. బస్సులో నాకు గలిగినవి యివియే. పుస్తకములో నొక్క పంక్తిగా జదివి దాటినదానిని ఒడలితో జదువుట యన నేమో నాడు తెలిసినది.

చికిత్సాస్థానమున శస్త్రకర్మ యున్నది. మందులకు లొంగని ఱాతిని, రోగిని మఱియొకని యొడిలో బండబెట్టి, కాళ్ళు కట్టి, క్రిందివైపున గోసి తీయుదురు. కోయకున్న మరణము నిశ్చయము, కోసినను బ్రదుకుట సందేహము. కనుక ప్రభువున కెఱిగించి యనుమతి బొందిన పిమ్మటనే పూనుకొనవలెనని యాచార్యుడు హెచ్చరించెను. ఈ యశ్మరి విశేషించి బాలురకు వచ్చుననియు వ్రాసెను. ఆ కోతకు బిడ్డను పట్టి యుంచిన తండ్రులెందఱో!

మఱి నొప్పికో? ఓర్వలేనివానికి తీక్ష్ణమైన మద్యమిచ్చి కోయుమని సూత్రస్థానమున నున్నది. కాని అశ్మరి మొదలగు కొన్ని కర్మలలో రోగి భుజింపకుండ నుండవలయునని నియమము. నేటి వైద్యులును మత్తు నిచ్చుటకు ముందు కడుపు ఖాళీగా నుంచుదురు.

మన దేశముననే కాదు, అంతటను ఇదే గతి. ఇంగ్లండున సామ్యుయెల్ పీప్స్ అను నుద్యోగి 1658వ సంవత్సరము మార్చి 26వ తేదీన మత్తుమందు లేకయే యిట్టి కోతకు లోనై బ్రదికెను. ఆ తేదీన ఏటేట బంధువులకు విందు చేయవలెనని సంకల్పించెను. తీసిన ఱాతికి ఒక పెట్టె చేయించి భద్రపఱచెను. ఆ ముచ్చట చదివినప్పుడు నేను నవ్వితిని. ఇప్పుడు నవ్వను.

ఎట్టకేలకు నన్ను లోనికి బిలిచి సూదిమందు వేసిరి. కాలుగంటలో నొప్పి యెవరో చేతితో దీసివేసినట్లు తగ్గినది. మన పల్లెలలో నల్లమందు నెఱుగని వృద్ధుడు లేడు. దాని సారమైన మార్ఫీనును పందొమ్మిదవ శతాబ్ది యారంభమున జర్మనీలో నొక మందుల వ్యాపారి వేఱుచేసెను. చర్మము క్రిందికి మందు నెక్కించు బోలుసూదిని 1853లో ఎడింబరో వైద్యుడు అలెగ్జాండర్ వుడ్ నొప్పులకు వాడెను. నాకు వేసినది మార్ఫీను కాదు, వేఱొక మందు. అయినను ఆ సూది వుడ్ గారిదే.

కోతనొప్పికి మందు 1846 అక్టోబరు 16వ తేదీన బోస్టను నగరములో వెల్లడియైనది. మార్టను అను దంతవైద్యుడు ఈథరును పీల్పింపగా నొక రోగికి కంఠముమీది కంతిని దీసిరి. మఱుసటి సంవత్సరము ఎడింబరోలో సింప్సను క్లోరోఫారమును బ్రవేశపెట్టెను. 1848 జనవరిలోనే కాలిగోరు తీయించుకొనుటకు వచ్చిన పదునైదేండ్ల బాలిక యొకతె క్లోరోఫారము క్రింద మరణించినది. ఎందుచేత? గుండె యాగుటచేతనని కొందఱు, ఊపిరి యాగుటచేతనని కొందఱు నలువది యేండ్లు వాదులాడిరి.

ఆ వాదము తేల్చుటకు పూనుకొన్నది మన హైదరాబాదు. రెసిడెన్సీ సర్జనుగా నుండిన ఎడ్వర్డ్ లారీ ఎడింబరో విద్యార్థి, ఊపిరి పక్షమువాడు. 1888లో నొక సంఘమును గూర్చి పరీక్షలు చేయించెను. లండనులోని లాన్సెట్ పత్రిక యొప్పుకొనలేదు. అప్పుడు ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాను వేయి పౌనులిచ్చి, మీ వైద్యునే పంపుడని కోరగా, లాడర్ బ్రంటన్ 1889లో వచ్చెను. నాలుగు వందలకు పైబడిన జంతువులపై బరీక్షలు జరిగినవి. క్లోరోఫారము ముందుగా ఊపిరినే యాపునని, కావున నాడిని గాక శ్వాసను గనిపెట్టవలెనని తీర్మానించిరి. లోకమంతట నీ తీర్మానముపై జర్చ సాగినది. ఆ కాలముననే హైదరాబాదు వైద్య పాఠశాలలో జదివిన రూపాబాయి ఫర్దూన్జీ యను పారసీక స్త్రీ రోగులకు క్లోరోఫారము నిచ్చు పనిలో బేరుగాంచెను. లోకములో నీ పనికి బూనిన తొలి స్త్రీలలో నామె నెన్నుదురు.

నిజము చెప్పవలయునన్న, ఆ తీర్మానము సగమే సత్యము. మత్తు పలుచగా నున్నప్పుడు గుండెయే హఠాత్తుగా నాగవచ్చునని 1911లో గుడ్మన్ లీవై నిరూపించెను. అయినను ఊపిరిని గనిపెట్టుమను మాటచేత కొందఱైనను బ్రదికి యుందురు. ఆ మూగజీవుల ఋణము మాత్రము మనకు తీఱలేదు.

మా కథకు వత్తును. మధ్యాహ్నము రెండు గంటలకు వైద్యుడు పండుకొమ్మన్నను వినక మఱియొక బస్సెక్కితిమి. నాలుగున్నరకు పాఠశాల చేరితిమి. నా చేయి వణకుచుండుటచేత, ప్రధానోపాధ్యాయురాలు కలమును పిల్లకే యిచ్చి, పట్టికలో దాని పేరు దానిచేతనే వ్రాయించినది. నేను క్రింద సంతకము మాత్రము చేసితిని.

తరువాత నెవరో ఉలవకట్టు త్రాగుమనిరి, ఎవరో కొండపిండి వేరు దెచ్చి యిచ్చిరి. కొండను పిండి చేయునని దానికా పేరు. 1980లో జర్మనీలోని మ్యూనిక్ నగరమున, కోత లేకయే నీటిగుండ ఒత్తిడి తరంగములను బంపి ఱాతిని పొడిచేయు యంత్రమును మనుష్యునిపై బ్రయోగించిరని చదివినప్పుడు, మన చెట్టు పేరే దానికి బెట్టవలసినదని యనుకొంటిని. నాకా యవసరము కలుగలేదు. విరివిగా నీరు త్రాగుచుండ పదునాలుగవ నాడు ఱాయి దానంతట వెడలినది. పీప్స్ గారి వలెనే నేనును దానిని పాఱవేయక, పాత పొడుము డబ్బీలో దాచితిని.

దసరా సెలవులకు పిల్ల యింటికి వచ్చినది. పెట్టె దింపక ముందే, "నాన్నగారూ, ఆ ఱాయి యేది?" యని యడిగినది. నేను దానికి ఱాయి సంగతి జాబులో వ్రాయనే లేదు. తల్లి వ్రాసినది కాబోలు. డబ్బీ మూత దీసి చూపితిని. అరచేతిలో బోసికొని, వాకిటి వెలుతురులోనికి బోయి, కందిగింజలో సగము లేని దానిని చాలసేపు చూచినది. "ఆనాడు బస్సులో నాతో నబద్ధమాడితిరి కదా" యన్నది. ఆడితినంటిని.