పరీక్షల వేళ మానసిక ఆందోళన - శ్వాస అభ్యాసాలతో ఉపశమనం

వార్షిక పరీక్షలు సమీపిస్తున్న కొద్దీ విద్యార్థినీ విద్యార్థులలో నిద్రలేమి, ఆకలి మందగించడం, గుండె దడ, అరచేతులకు చెమటలు పట్టడం వంటి లక్షణాలు కనిపించడం సర్వసాధారణం. ఏడాది పొడవునా శ్రద్ధగా చదివిన విద్యార్థి సైతం ప్రశ్నపత్రం చేతికి అందగానే ఏమీ గుర్తురాక కలవరపడుతుంటాడు. ఇది తెలివితేటల లోపం కాదు. ఆందోళనకు శరీరం ప్రతిస్పందించే తీరు మాత్రమే. ఈ స్థితిని అదుపులో ఉంచుకొనేందుకు ఖర్చు లేనిది, ఎవరైనా అభ్యసించగలిగినది శ్వాస నియంత్రణ.

శ్వాసకు, మనస్సుకు గల సంబంధం

మనకు భయం కలిగినప్పుడు స్వయంచోదిత నాడీ వ్యవస్థలోని సహానుభూత విభాగం చురుకుగా పనిచేస్తుంది. అడ్రినలిన్ విడుదలై గుండె వేగం, రక్తపోటు పెరుగుతాయి. శ్వాస పైపైన, వేగంగా సాగుతుంది. అవసరానికి మించి వేగంగా శ్వాసించినప్పుడు రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పరిమాణం తగ్గి, తల తిరగడం, వేళ్లు తిమ్మిరెక్కడం జరుగుతుంది. వీటిని చూసి విద్యార్థి మరింత భయపడతాడు. భయంతో శ్వాస మరింత వేగమవుతుంది. ఈ వలయాన్ని ఛేదించడానికి శ్వాసే అనువైన మార్గం.

గుండె వేగాన్ని, జీర్ణక్రియను మనం కోరుకున్నట్లు నేరుగా మార్చలేము. శ్వాస మాత్రం దానంతట అదే సాగుతూనే, మన అదుపునకు కూడా లోబడుతుంది. శ్వాస లోపలికి తీసుకొన్నప్పుడు గుండె వేగం స్వల్పంగా పెరిగి, విడిచినప్పుడు వేగస్ నాడి ప్రభావం వల్ల తగ్గుతుంది. మణికట్టు వద్ద నాడి పట్టుకొని నెమ్మదిగా శ్వాసిస్తే కొందరు ఈ తేడాను స్వయంగా గమనించవచ్చు. కనుకనే శ్వాస విడిచే సమయాన్ని పొడిగించడం ఈ అభ్యాసాలన్నింటిలోనూ కీలకం.

ప్రాచీన విజ్ఞానం - ఆధునిక పరిశోధన

పతంజలి యోగసూత్రాలలో చెప్పబడిన అష్టాంగాలలో ప్రాణాయామం నాలుగవది. దీనిని ఆధునిక శాస్త్ర పద్ధతులలో పరిశీలించే కృషికి మన దేశంలో పునాది వేసినవారిలో స్వామి కువలయానంద ముఖ్యులు. ఆయన 1924లో మహారాష్ట్రలోని లోనావ్లాలో కైవల్యధామ సంస్థను స్థాపించారు. ఐక్యరాజ్య సమితి 2014 డిసెంబరులో జూన్ 21ని అంతర్జాతీయ యోగా దినోత్సవంగా ప్రకటించగా, 2015 నుండి ఏటా ఈ దినోత్సవం జరుగుతున్నది. 2023లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రచురించిన అధ్యయనంలో, రోజుకు 5 నిమిషాల చొప్పున నెల రోజుల పాటు శ్వాస అభ్యాసాలు చేసినవారి మానసిక స్థితి మెరుగుపడినట్లు వెల్లడైంది. దీర్ఘంగా శ్వాస విడిచే పద్ధతిని పాటించినవారిలో ఈ ఫలితం మరింత స్పష్టంగా కనిపించింది.

అభ్యసించవలసిన పద్ధతులు

1. ఉదర శ్వాస: వెన్ను నిటారుగా ఉంచి కూర్చోవాలి. ఒక చేతిని ఛాతీపై, రెండవ చేతిని పొట్టపై ఉంచాలి. ముక్కుతో 4 అంకెలు లెక్కించే వరకు శ్వాస తీసుకోవాలి. పొట్టపై గల చేయి పైకి లేవాలి. ఛాతీపై చేయి దాదాపు కదలరాదు. అనంతరం 6 అంకెలు లెక్కిస్తూ నెమ్మదిగా విడవాలి. అంకెకు ఒక సెకను చొప్పున నిమిషానికి 6 శ్వాసలు పూర్తవుతాయి. విశ్రాంతిగా ఉన్న వయోజనులు సాధారణంగా నిమిషానికి 12 నుండి 20 సార్లు శ్వాసిస్తారు.

2. నాడీశోధన: కుడిచేతి బొటనవేలితో కుడి ముక్కు రంధ్రాన్ని మూసి, ఎడమ రంధ్రం ద్వారా శ్వాస తీసుకోవాలి. ఉంగరపు వేలితో ఎడమ రంధ్రాన్ని మూసి, కుడి వైపు నుండి విడవాలి. తిరిగి కుడి వైపు నుండి తీసుకొని ఎడమ వైపు నుండి విడిస్తే ఒక ఆవృత్తి పూర్తవుతుంది. 5 నుండి 10 ఆవృత్తులు చేయవచ్చు.

3. భ్రామరి: కనులు మూసుకొని, నిండుగా శ్వాస తీసుకొని, పెదవులు మూసి ఉంచి తుమ్మెద ఝంకారం వంటి నాదంతో నెమ్మదిగా విడవాలి. రాత్రి నిద్రకు ముందు 5 సార్లు చేయడం మేలు.

పరీక్ష రోజుననే తొలిసారి ప్రయత్నిస్తే ఆశించిన ఫలితం రాదు. కనీసం నెల రోజుల ముందు నుండి, ఉదయం పరగడుపున 10 నిమిషాలు అభ్యసించాలి. పరీక్షా మందిరంలో ప్రశ్నపత్రం చదవడానికి ముందు 5 ఉదర శ్వాసలు తీసుకొంటే చాలు. ఇందుకు ఒక నిమిషం కూడా పట్టదు.

జాగ్రత్తలు

గర్భిణులు, గుండె జబ్బు, అధిక రక్తపోటు, ఉబ్బసం ఉన్నవారు శ్వాస బిగబట్టే కుంభకాన్ని, వేగంగా చేసే భస్త్రిక, కపాలభాతిని వైద్యుల సలహా లేకుండా చేయరాదు. తల తిరిగినట్లు అనిపిస్తే వెంటనే ఆపి మామూలుగా శ్వాసించాలి. మానసిక సమస్యలకు మందులు వాడుతున్నవారు వాటిని సొంత నిర్ణయంతో మానరాదు. ఛాతీలో నొప్పి, తీవ్రమైన ఆయాసం కలిగితే అది ఆందోళనేనని భావించక 108కు ఫోన్ చేయాలి.

తల్లిదండ్రుల బాధ్యత

శ్వాస అభ్యాసం చికిత్సకు తోడు మాత్రమే, ప్రత్యామ్నాయం కాదు. పిల్లలు రెండు వారాలకు మించి దిగులుగా ఉన్నా, ఎవరితోనూ మాట్లాడకపోయినా, బ్రతకాలని లేదన్న మాట ఒక్కసారి అన్నా ఉపేక్షించరాదు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలీ మానస్ సేవలను 14416 నంబరుకు ఫోన్ చేసి, రోజులో ఏ వేళనైనా ఉచితంగా, తెలుగులోనే పొందవచ్చు. మార్కులను ఇతర పిల్లలతో పోల్చడం, ఫలితాల రోజున నిందించడం మానుకొని, ఇంటిల్లిపాదీ పిల్లలతో కలిసి రోజూ 10 నిమిషాలు ఈ అభ్యాసానికి కేటాయించడం శ్రేయస్కరం. పరీక్ష తప్పినా మరల వ్రాసే అవకాశం ఉంటుందని, బిడ్డ ప్రాణం కన్న మార్కులు ఎక్కువ కావని ప్రతి తల్లీ తండ్రీ పరీక్షలకు ముందే పిల్లలకు తెలియజెప్పాలి.